చైనాతో బేరం సరే.. కాగితం చదివేదెవరు?

గుంటూరు మిర్చి యార్డులో తేజ రకానికి మంచి ధర పలకాలంటే చైనా నుంచి ఆర్డర్లు రావాలి. ఈ సంగతి కమీషన్ వ్యాపారికే కాదు, టిక్కీలు మోసే హమాలీకీ తెలుసు. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారంలోని బల్క్ డ్రగ్ యూనిట్లకైనా, పరవాడ ఫార్మా సిటీకైనా ముడిరసాయనాల్లో పెద్ద వాటా అక్కడి నుంచే దిగుతుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు మన రొయ్యల ఎగుమతిదారులు ఆశగా చూసిన దిక్కుల్లో చైనా ఒకటి. 2024-25లో మన దేశం చైనా నుంచి 11,300 కోట్ల డాలర్లకు పైగా సరకు తెచ్చుకుంది. అటు పంపింది 1,400 కోట్ల డాలర్ల మేరకే. 2020 ఏప్రిల్‌లో పెట్టుబడులకు గేటు వేశాం, జూన్‌లో గల్వాన్ ఘర్షణ తర్వాత యాప్‌లు నిషేధించాం. కొవిడ్‌తో ఆగిన, రెండు దేశాల మధ్య నేరుగా నడిచే విమానాలు మళ్లీ ఎగరడానికి 2025 అక్టోబరు దాకా పట్టింది. సరకు రాకపోక మాత్రం ఆగలేదు.

ఇంత లావాదేవీ నడుస్తున్నా చైనా భాష చదవగలిగిన సొంత మనిషిని పెట్టుకున్న చిన్న, మధ్యతరహా కంపెనీలు మన దగ్గర చాలా తక్కువ. మాట్లాడే పని అమ్మేవాడి తరఫు సేల్స్ అమ్మాయి ఇంగ్లిష్‌లో కానిచ్చేస్తుంది. ప్రదర్శనకో, ఫ్యాక్టరీ చూడటానికో వెళ్తే దుబాసీ దొరుకుతాడు. అతనికి కమీషన్ ఎటు నుంచి అందుతుందో చాలాసార్లు మనకు తెలియదు. ఇక కాగితం చదివే పని ఎవరూ చేయరు. వ్యాపారం కోసం చైనీస్ అంటే నమస్కారాలు, కుశల ప్రశ్నలు, రేటు తగ్గించమని అడగడం అనుకుంటాం. అవి వస్తే మంచిదే. కానీ డబ్బు పోయేది మాట రాక కాదు, రాత అర్థం కాక.

ఒక ప్రొఫార్మా ఇన్వాయిస్ తీసుకుందాం. పైన ఇంగ్లిష్‌లో కంపెనీ పేరు, కింద ఎర్రటి గుండ్రని ముద్ర, మధ్యలో నక్షత్రం, చుట్టూ చైనా అక్షరాలు. చైనా చట్టం దృష్టిలో కంపెనీ పేరంటే రిజిస్టరైన చైనా పేరే. ఇంగ్లిష్ పేరు కంపెనీ తనకు తోచినట్టు పెట్టుకున్నది. ముద్రలో ఉన్న పేరు, వ్యాపార లైసెన్సు మీది పేరు, బ్యాంకు ఖాతాదారు పేరు మూడూ ఒకటేనా అన్నదే అసలు ప్రశ్న. లైసెన్సు మీద అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు కలిసిన 18 స్థానాల కోడ్ ఉంటుంది. దాన్ని కంపెనీల సమాచారమిచ్చే చైనా ప్రభుత్వ పోర్టల్‌లో కొడితే ఆ కంపెనీ ఎప్పుడు పుట్టింది, చట్టబద్ధ ప్రతినిధి ఎవరు, ఏయే వ్యాపారాలకు అనుమతి ఉంది, నిబంధనలు తప్పినవారి జాబితాలోకి ఎక్కిందా అన్నవి తెలుస్తాయి. తయారీదారునని చెప్పుకొనే కంపెనీ నిజానికి కొని అమ్మే దళారీ అయితే అదీ అక్కడే చాలావరకు బయటపడుతుంది. ఇదంతా చైనీస్‌లోనే ఉంటుంది. వందల అక్షరాలు అక్కర్లేదు, పాతిక ముప్ఫై పదబంధాలు గుర్తుపట్టగలిగితే పని జరుగుతుంది.

అడ్వాన్సు సంగతి ఇంకా పేచీ. చైనా ఒప్పందాల్లో ‘తింగ్‌చిన్’ అన్న మాట వస్తుంది. నిజానికి ఇలా పలికే మాటలు రెండున్నాయి, స్వరం (పలుకులో ఎత్తుపల్లం) కూడా ఒకటే. రాతలో మాత్రం వేరు. ఒకదాని మొదటి అక్షరం నెత్తిన ఇంటికప్పులాంటి గీత ఉంటుంది. రెండోదానికి ఎడమపక్కన మాటను సూచించే చిన్న గుర్తు ఉంటుంది. కప్పు ఉన్నది మన బయానా లాంటిది. 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చైనా సివిల్ కోడ్ ప్రకారం దాన్ని ఇచ్చినవాడు ఒప్పందం తప్పితే డబ్బు వదులుకోవాలి, పుచ్చుకున్నవాడు తప్పితే రెట్టింపు తిరిగివ్వాలి. అయితే ఒప్పందం విలువలో 20 శాతం వరకే దానికి ఆ బలం. రెండోది ఉత్త ముందస్తు చెల్లింపు, రెట్టింపు మాట అందులో లేదు. ఇంగ్లిష్ ప్రతిలో రెండూ ‘డిపాజిట్’గానే కనిపిస్తుంటాయి. వివాదం చైనా కోర్టుకెక్కితే విచారణ జరిగేది చైనీస్‌లో. ఎంత బాగా మాట్లాడగలిగినా చెవి పట్టుకోలేని తేడా ఇది. కంటికి మాత్రమే అందుతుంది.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చైనీస్‌లో వచ్చిన సందేశాన్ని అనువాద యాప్‌లో పెడితే అర్థం తెలుస్తుంది. కెమెరా చూపిస్తే లేబుల్ చదివిపెడుతుంది. రోజువారీ సంభాషణకు, బేరానికి అది చాలు. ఆ మేరకు నేర్చుకోవడానికి ఏళ్లు ఖర్చుపెట్టమని నేనూ చెప్పను. కానీ యంత్రం ఎదుట ఉన్నదాన్ని అనువదిస్తుంది. పైన ఉన్న పేరుకూ కింద ముద్రలో ఉన్న పేరుకూ పొంతన లేదని తనంతట తాను హెచ్చరించదు. ఉండాల్సిన షరతు లేదని కూడా చెప్పదు. ఏది అడగాలో తెలిసినవాడి చేతిలోనే అది పనిముట్టు.

భాష కష్టమన్నది నిజం. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు చైనీస్ నేర్పడానికి 2,200 తరగతి గంటలు కేటాయిస్తుంది. మన తెలుగుకు అందులో సగమే. అయితే మనకు ఒక సౌలభ్యం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. 1958లో చైనా ఆమోదించిన పిన్‌యిన్ రోమన్ లిపిలో ‘బి’ అని రాసినదాన్ని దాదాపు మన ‘ప’లా, ‘పి’ అని రాసినదాన్ని వత్తి పలకాలి. త, క వర్ణాలదీ ఇదే తీరు. అల్పప్రాణం, మహాప్రాణం తేడా వర్ణమాలలోనే ఉన్న మనకు ఇది కొత్త కాదు. ఇంగ్లిష్ అలవాటుతో చదివితేనే తప్పుతుంది. తెలుగు అక్షరాలతో ఉచ్చారణ నేర్పే పాఠ్యపుస్తకం ఒకటి వస్తే మొదటి నెలల అవస్థ సగం తీరుతుంది. నాలుగు స్వరాల సాధన ఎటూ తప్పదు.

మన దగ్గర చైనీస్ వచ్చినవాళ్లు లేరా అంటే ఉన్నారు, వేరే వరుసలో నిలబడి ఉన్నారు. కొవిడ్‌కు ముందు చైనాలో 23 వేలకు పైగా భారతీయ విద్యార్థులుండేవారు, అత్యధికులు వైద్యవిద్య కోసం వెళ్లినవారు. వాళ్లలో తెలుగు పిల్లలూ ఉన్నారు. పాఠం ఇంగ్లిష్‌లో విన్నా, వార్డులో రోగితో మాట్లాడాల్సింది చైనీస్‌లో. అందుకే చాలా విశ్వవిద్యాలయాలు హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ భాషా పరీక్షలో నాలుగో స్థాయి దాటమంటాయి. పాత ఆరు స్థాయిల పద్ధతిలో అది దాదాపు 1,200 పదాలు. తిరిగొచ్చాక ఇక్కడి అర్హత పరీక్షకు కూర్చుంటారు. నెగ్గేదాకా ఏళ్లు గడిచిపోతాయి, వచ్చిన భాషకు తుప్పు పడుతుంది. మందు పేరూ రసాయనం పేరూ తెలిసి, చైనీస్ పునాది ఉన్న మనిషికన్నా ఫార్మా కంపెనీ కొనుగోళ్ల విభాగానికి కావలసిందేమిటి? ఆరు నెలలు వాణిజ్య పత్రాల మీద తర్ఫీదు ఇస్తే చాలు. ఈ వనరును పరిశ్రమ చూడకపోవడం నాకు వింతగా ఉంది.

2020 జాతీయ విద్యావిధానం బడిలో నేర్పదగిన విదేశీ భాషల ఉదాహరణల్లోంచి చైనీస్‌ను వదిలేసింది, ముసాయిదాలో ఉన్నా సరే. దానివల్ల వ్యాపారానికి మునిగిందేమీ లేదు, ఈ అవసరం పదో తరగతి పిల్లలది కాదు. హైదరాబాద్‌లోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో చైనీస్ బోధన ఇప్పటికే ఉంది. అక్కడ, విశాఖలో, గుంటూరులో ఉద్యోగులకూ వ్యాపారుల పిల్లలకూ సాయంకాలపు కోర్సు ఒకటి కావాలి. పాఠ్యాంశం ఇన్వాయిసులు, ప్యాకింగ్ లిస్టులు, నాణ్యతా ధ్రువపత్రాలు, కస్టమ్స్ కాగితాలు. విదేశీ ఆహార సంస్థలు చైనా కస్టమ్స్ వద్ద పేరు నమోదు చేసుకోవాలన్న కొత్త నిబంధనలు 2022 జనవరిలో అమల్లోకి వచ్చాయి, కాబట్టి రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లకూ ఇది పనికొస్తుంది. ఖర్చు ప్రభుత్వమే భరించాలని కూడా లేదు. ఎగుమతిదారుల సంఘాలు, బల్క్ డ్రగ్ తయారీదారులు తలా కొంత వేసుకుంటే నడిచే కోర్సు.

అది మొదలయ్యేలోగా వ్యాపారులకు ఒక్క మనవి. ఈ సీజన్‌లో చైనాకు ముందస్తు డబ్బు పంపబోయే ముందు ఆ ఒప్పందాన్ని, ముద్రను, ఖాతా పేరును చైనీస్ చదవగలిగిన, అమ్మేవాడితో ఏ సంబంధమూ లేని మనిషికి ఒకసారి చూపించండి. ఫీజు అడిగితే ఇవ్వండి.