నెలకొక పుస్తకం, నెలకొక ఆదివారం

తిరుపతి, చిత్తూరు జిల్లాల చదువరులకూ గ్రంథాలయ అధికారులకూ విన్నపం

మన పక్క పుస్తకాలు చదివేవాళ్లు లేరని ఎవరైనా అంటే నమ్మకండి. పలమనేరులో ఉన్నారు, నగరిలో ఉన్నారు, శ్రీకాళహస్తిలో ఉన్నారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శుక్రవారం రాత్రి చిత్తూరు బస్సెక్కే కుర్రాళ్లలో ఉన్నారు. వీళ్లంతా రాత్రి పదింటికి వాట్సాప్‌లో కలుసుకుంటారు. నామిని కథ మీద ఒకరు మాట కదిపితే మరొకరు తమ ఊళ్లో అలాంటి మనిషినే చూశామంటారు. ఇంకొకరు కాదని వాదిస్తారు. అర్ధరాత్రి దాకా సాగిన ఆ మాటలు తెల్లారేసరికి శుభోదయాల కింద, ఫార్వర్డుల కింద పడి కనిపించకుండా పోతాయి. ఒకే వీధిలో ఉండి కూడా ఆ మాట్లాడినవాళ్లు ఒకరినొకరు గుర్తుపట్టలేరు.

మేం అడిగేది ఒక్కటే. మన జిల్లాల్లోని ప్రతి శాఖా గ్రంథాలయంలో నెలకొక ఆదివారం, సాయంత్రం నాలుగింటికి, గంటన్నర సేపు పాఠకులు కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకోవడానికి చోటివ్వండి. ఆ పుస్తకం పేరు మూడు వారాల ముందే ఫోన్లలో అందరికీ చేరాలి. రాగలిగినవాళ్లు వస్తారు, రాలేనివాళ్లు వీడియో కాల్‌లో కలుస్తారు.

సాహిత్య సభలకు మనకేం కొరత లేదు కదా అనొచ్చు. నిజమే, తిరుపతిలో పుస్తకావిష్కరణలు తరచూ జరుగుతూనే ఉంటాయి. అయితే అక్కడ వేదిక మీద ఏడెనిమిది మంది మాట్లాడతారు, శాలువాలు కప్పుతారు. పుస్తకం ఆ రోజే బయటికొచ్చింది కాబట్టి కింద కూర్చున్నవాళ్లెవరూ చదివుండరు. రచయితను గౌరవించడానికి అలాంటి సభ అవసరమే. చదివినవాడు నోరు తెరిచి నాకిది నచ్చింది, ఇక్కడ నాకు ఒప్పలేదు అని చెప్పే చోటు వేరే ఉండాలి. ఆ చోటు మన ఊళ్లలో ఈపొద్దు ఫోన్లో తప్ప ఎక్కడా లేదు.

ఫోను చదువును చెడగొట్టిందనే పెద్దలతో మేం ఏకీభవించం. కుప్పంలో ఉన్న చదువరి తిరుపతిలో సభకు వచ్చి వెళ్లాలంటే రోజంతా పోతుంది. ఇంటిపని ముగిసేసరికి రాత్రి తొమ్మిదయ్యే ఆడమనిషికి ఏ సభా అందదు. తెలుగు టైపు చేయడం చేతకాని పెద్దాయన వాయిస్ మెసేజ్‌లో తన యాసలోనే కథలోని సేద్యం గురించి పది నిమిషాలు చెప్పగలడు. అంత మంచి వ్యాఖ్యానం ఏ విమర్శ గ్రంథంలోనూ దొరకదు. ఇంతమందిని ఒకచోట చేర్చింది ఫోనే. అయితే చేర్చిన దాన్ని నిలబెట్టే గుణం దానికి లేదు, అందుకే గ్రంథాలయం కావాలి.

గ్రంథాలయాన్ని అడిగే హక్కు మనకుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం ఇంటి పన్ను కట్టే ప్రతి రూపాయి మీదా 8 పైసలు గ్రంథాలయ సెస్సు చెల్లిస్తున్నాం. వసూలైన సెస్సును పంచాయతీలు, మునిసిపాలిటీలు జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అది సరిగా జమ కావడం లేదని, బకాయిలు పేరుకుపోయాయని పత్రికల్లో తరచూ చదువుతున్నాం. కొత్త పుస్తకాలు రాకపోవడానికి ఇదొక పెద్ద కారణం. మీ వార్డు సభ్యుణ్ణి, సర్పంచిని ఈ సంగతి అడగండి. ఏ పుస్తకం కావాలో పదిమంది పాఠకులు కూర్చుని తేల్చుకుని సలహాల పుస్తకంలో రాస్తే, కొనేవాళ్లకు కూడా ఒక ఆధారం ఉంటుంది.

ఈపొద్దు మన గ్రంథాలయాల్లో కుర్చీలన్నీ డీఎస్సీకి, గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ ఉద్యోగాలకి చదివే పిల్లలవే. వాళ్ల కుర్చీ లాక్కోవాలని మేం అనం. వరండా చాలు, ఆవరణలో చెట్టుకింద చోటైనా చాలు. అదీ లేని ఊళ్లో పక్కనున్న బడిలో ఒక గది అడుగుదాం. గ్రంథాలయాలకు వారపు సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారం సాయంత్రం తలుపులు తెరిచే ఉంటాయి. సిబ్బందికి అదనపు పని పడదు.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలన్న ప్రశ్నకు మన జిల్లాలే జవాబు చెబుతాయి. దామలచెరువు అంటే మామిడి మండీ అని అందరికీ తెలుసు. మధురాంతకం రాజారాం బడిపంతులుగా బతుకుతూ వందల కథలు రాసింది ఆ ఊళ్లో ఉండేనని ఎందరికి తెలుసు? ఆయన కథలకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కుమారుడు నరేంద్ర రాసిన మనోధర్మపరాగం నవలకు 2022లో అదే పురస్కారం దక్కింది. చిత్తూరు పల్లె జీవితాన్ని ఎంతో ముందే కథలకెక్కించిన కె. సభా పేరు మన కళాశాలల్లో వినపడాల్సినంత వినపడదు. నామిని నవల మూలింటామె మీద తెలుగు పాఠకులు ఇంటర్నెట్‌లో గట్టిగా వాదించుకున్నారు. ఆ నవల నడిచేది మన పల్లెల్లో. ఆ పల్లెల్లో పుట్టి పెరిగిన ఆడవాళ్ల గొంతు ఆ వాదనలో చాలినంత లేదని మా బాధ. రచయిత మన పక్కవాడైనప్పుడు మొదట మాట్లాడాల్సింది మనం.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. డిట్రాయిట్ తెలుగు సాహితీ సమితివాళ్లు 1998 నుంచి ఒక పుస్తకం ఎంచుకోవడం, చదివి రావడం, కూర్చుని చర్చించడం అలవాటుగా చేసుకున్నారు. సముద్రాలు దాటి వెళ్లినవాళ్లు నిలుపుకున్న పద్ధతి, విశ్వవిద్యాలయమూ ప్రాంతీయ గ్రంథాలయమూ ఉన్న తిరుపతిలో ఎందుకు సాగదు?

ఫోను గుంపులు నడిపేవాళ్లకు రెండు మాటలు. బతికున్న రచయితల పుస్తకాల పీడీఎఫ్‌లు పంచకండి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీహక్కు వారసులకు ఉంటుంది. తెలుగులో మంచి కథల సంపుటి వేస్తే ఐదొందలో వెయ్యో కాపీలు వేస్తారు. అవి అమ్ముడుపోవడమే గగనమైన రోజుల్లో ఒక్క పీడీఎఫ్ వందల ఫోన్లకు పాకితే ఆ రచయిత రెండో పుస్తకం వేసుకోలేడు. పంచుకోవాలనిపిస్తే పంచుకోదగినవి చాలా ఉన్నాయి. తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థలో పనిచేసి అన్నమయ్య సంకీర్తనల్ని వెలుగులోకి తేవడానికి పాటుపడిన వేటూరి ప్రభాకరశాస్త్రి 1950లో కన్నుమూశారు. ఆయన రచనలపై ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. గురజాడ, వీరేశలింగం రచనలు తెలుగు వికీసోర్స్‌లో ఎవరైనా చదువుకోవచ్చు.

రెండోది, మాట్లాడుకున్నది రాసిపెట్టండి. 2009లో మొదలైన పుస్తకం.నెట్‌లో సాధారణ పాఠకులు తాము చదివిన పుస్తకాల గురించి రాశారు. ఏళ్లు గడిచాక కూడా ఒక పుస్తకం పేరు వెతికితే అక్కడ ఎవరో ఒకరు దాన్ని చదివి ఏమనుకున్నారో దొరికింది. వాట్సాప్‌లో అది జరగదు. నెలకొక్కరు బాధ్యత తీసుకుని ఎవరేమన్నారో రెండు పేజీలు రాసి గ్రంథాలయంలో ఒక ఫైలులో ఉంచితే చాలు. పుస్తకం తీసుకునేవాళ్లు ఆ ఫైలూ తిరగేస్తారు.

ఈ సమావేశాలకు కట్టుబాట్లు ఎక్కువ వద్దు. వేదిక వద్దు, అధ్యక్షుడు వద్దు, శాలువాలు అసలే వద్దు. కుర్చీలు గుండ్రంగా వేసుకుందాం. రచయిత కులాన్నీ పార్టీనీ పక్కనపెట్టి, ముందు పుస్తకంలో ఏముందో మాట్లాడదాం. తొలి పలుకు ప్రతినెలా ఎప్పుడూ మాట్లాడని వాళ్లకే ఇద్దాం. అందుకు ఫోనులో ముందే పేరు అడిగి ఉంచుకోవచ్చు.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి మొదటి సమావేశం పెట్టుకుందాం. మొదటి పుస్తకం మధురాంతకం రాజారాం కథలు. అన్నీ చదవలేకపోతే ఏవైనా మూడు కథలు చదివి రండి, చదవడానికి కుదరనివాళ్లు వినడానికి రండి. అంతకుముందే మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లి గ్రంథపాలకులతో మాట్లాడండి. ఈ కరపత్రం వాళ్లకు చూపించి, పదిమంది చదువరుల సంతకాలతో అర్జీ ఇచ్చి, దాని నకలు జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపండి.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులం కొందరం