ఢిల్లీ దాకా ఎవరు పోతారు?

ఏలూరు సెషన్స్ కోర్టులో శిక్ష పడిందనగానే మన గూడేల్లో ఒకటే మాట: "అయిపోయింది, ఇంకేం చేస్తాం?" తమ్ముడూ, చెల్లీ, అయిపోలేదు! 60 రోజుల్లో అమరావతిలోని హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. గడువు దాటితే, ఎందుకు ఆలస్యమైందో చెప్పి మన్నించమని అడగొచ్చు. మనిషి రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నా సరే, అప్పీలు కాగితం జైలు అధికారికిస్తే కోర్టుకు పంపాల్సింది ఆయనే. ఎస్టీలకు, ఖైదీలకు లాయరు ఉచితమని 1987 లీగల్ సర్వీసెస్ చట్టం చెప్తోంది. తీర్పు కాపీ ఖైదీకి వెంటనే, ఉచితంగా అందాలని సుప్రీంకోర్టు 1978లోనే హోస్కాట్ కేసులో చెప్పింది. బుట్టాయిగూడెం కోయ తల్లికి ఇది ఎవరైనా చెప్పారా?

హైకోర్టులోనూ ఓడితే? 90 రోజుల్లో సుప్రీంకోర్టు. అంటే ఢిల్లీ. అమెరికాలో రాష్ట్ర కోర్టు శిక్షించిన ఖైదీ కేంద్ర కోర్టు తలుపు తట్టొచ్చు. పెద్ద రాష్ట్రాల్లోనైతే జైలున్న జిల్లాలోనో, శిక్ష పడిన జిల్లాలోనో, రెండిట్లో ఎక్కడైనా సరే. మనకు మాత్రం ఒక్క ఢిల్లీయే! ఆన్‌లైన్లో వేసుకోండి అంటారు. సిగ్నల్ కోసం గుట్టెక్కే ఊళ్లకా?

సుప్రీంకోర్టు వేరే చోట కూడా కూర్చోవచ్చని రాజ్యాంగం 130వ అధికరణంలోనే ఉంది. దక్షిణాదికి చెన్నైలోనో హైదరాబాద్‌లోనో బెంచి పెట్టమని 2009లో లా కమిషన్ కూడా సిఫార్సు చేసింది. ఇన్నేళ్లయినా కదలికే లేదు. జైల్లో ఉన్నది మనవాళ్లు గాబట్టి అడిగేవాడు లేడు. మనం అడగాలి.

ఈలోగా ఒక పని చేయండి. మీ ఊళ్లో ఎవరింటి మనిషి జైల్లో ఉన్నాడో ఆ ఇంటికెళ్లి తీర్పు తేదీ అడగండి. రోజులు లెక్కపెట్టండి.