సినిమా–కులం (9): ఆ గుర్రాలు ఎవరివి?



ఫిల్మ్ స్టడీస్ చదివే తమ్ముళ్లు ఒక మాట పదే పదే అంటుంటారు: "కంటెంట్ తప్పేనన్నా, కానీ టెక్నికల్‌గా మైలురాయి. అందుకే వందేళ్లు నిలిచింది." 1915లో డి.డబ్ల్యు. గ్రిఫిత్ తీసిన 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' గురించి. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ క్లైమాక్స్ ఒకసారి చూడండి. గుడిసెలో చిక్కుకున్న తెల్లవాళ్లు ఒక షాట్‌లో. గుర్రాల మీద దూసుకొస్తున్న కు క్లక్స్ క్లాన్ ఇంకో షాట్‌లో. అటూ ఇటూ కోస్తూ వేగం పెంచుతాడు. "త్వరగా రావాలి" అని హాల్లో ప్రతి గుండే కొట్టుకుంటుంది. ఎవరి కోసం? ముసుగేసుకున్న హంతకుల కోసం! టెక్నిక్ వేరు, కంటెంట్ వేరు అని దీన్ని ఎక్కడ విడదీస్తారు? ఆ కటింగ్ చేసే పనే అది. అదే ఏడాది చివర్లో జార్జియాలో క్లాన్ మళ్లీ పుట్టింది. సభ్యుల్ని చేర్చుకోవడానికి ఈ సినిమానే వాడుకుంది. (క్రాస్ కటింగ్ గ్రిఫిత్ కంటే ముందే ఉంది, అది వేరే సంగతి.)

1920లో నల్లజాతి దర్శకుడు ఆస్కర్ మిషో 'వితిన్ అవర్ గేట్స్' తీశాడు. అందులోనూ క్రాస్ కటింగే. ఒకపక్క నల్ల కుటుంబాన్ని తెల్ల గుంపు చంపుతుంటుంది, మరోపక్క ఆ ఇంటి పెంపుడు కూతురి మీద భూస్వామి కుటుంబంలోని ఒకడు పడతాడు. టెక్నిక్కే నిలబెడితే ఇదీ నిలవాలిగా? దశాబ్దాల పాటు ప్రింటే లేదు. చివరికి స్పెయిన్‌లో ఒకే ఒక్క ప్రింటు దొరికితే, 1993లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ బాగుచేసింది.

మన దేశానికొద్దాం. మలయాళంలో తొలి సినిమా 'విగతకుమారన్'. తొలి సినిమా కంటే కొత్త టెక్నాలజీ ఏముంటుంది? కథానాయిక పి.కె. రోజీ దళిత స్త్రీ. నాయర్ స్త్రీ వేషం కట్టిందని దాడి చేసి ఊరొదిలి పోయేలా చేశారు. ఈ రోజు ఆ సినిమా ఒక్క రీలు లేదు.

నిలిచింది అంటున్నారే, ఎవరు నిలబెట్టారు? రీళ్ల డబ్బా ఏ బీరువాలో పెట్టారు, సిలబస్ ఎవరు రాశారు? వీటికి జవాబు చెప్పకుండా ఎడిటింగ్ పాఠం చెప్తే ఎలా?

2015లో 'బాహుబలి' గ్రాఫిక్స్ చూసి దేశం నోరెళ్లబెట్టింది. ఆ గ్రాఫిక్స్ మధ్యలో కాలకేయులకు నల్లరంగు పూసి, వింత భాష కట్టి, చంపడానికి నిలబెట్టారు. విజిళ్లు వేసినవాళ్లలో మన వాడల పిల్లలూ ఉన్నారు.

రేపు క్లాసులో గ్రిఫిత్ పేరు రాగానే లేచి మిషో ఎక్కడ, రోజీ ఎక్కడ అని అడగండి. వచ్చే భాగంలో 'ఫాండ్రీ' చివర్లో జబ్యా కెమెరా మీదికి విసిరిన రాయి గురించి మాట్లాడుకుందాం.