కోతలకు పోయే కుటుంబాల పిల్లలు బడి తప్పకూడదు

సంక్రాంతి దాటిందంటే మన పశ్చిమ ప్రకాశం పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. బోర్లు ఎండి, కంది, పత్తి చేతికి రాని ఏడాది యర్రగొండపాలెం, దోర్నాల, పెద్దారవీడు, మార్కాపురం మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, పల్నాడు మిరపకోతలకు తరలిపోతాయి. చేను గట్టున నాలుగు కర్రలు పాతి పట్ట కప్పుకుంటే రెండు మూడు నెలలు అదే ఇల్లు.

ఆ పట్ట కింద కూడా మనవాళ్లు పిల్లల్ని ప్రాణంగానే పెంచుకుంటున్నారు. తల్లి తెల్లవారకముందే వండి, చంటిబిడ్డకు చెట్టు నీడన ఉయ్యాల కట్టి కోతకు దిగుతుంది. అయితే కూలి కిలోల లెక్క. అందుకే పదేళ్ల పిల్ల కూడా కాయ కోస్తుంది, లేదా తమ్ముణ్ణి ఎత్తుకుని గుడారం దగ్గర ఉండిపోతుంది. తిరిగొచ్చాక పాఠం అందక, తోటిపిల్లల ముందు సిగ్గుపడి బడి మానేసిన పిల్లల్ని మన ఊళ్లలోనే ఎంతోమందిని చూశాం.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు ఏ ఊరు వెళ్లినా అక్కడి ప్రభుత్వ బడిలో చేరవచ్చు. టీసీ ఆలస్యమైందని కాదనడానికి వీల్లేదు. రేషన్ బియ్యం కూడా ఉన్నచోటే తీసుకోవచ్చు. బయలుదేరే ముందు హెడ్మాస్టరుకు చెప్పండి, పుస్తకాలు మూటలో పెట్టుకోండి. పురుగుమందు డబ్బాల్లో మాత్రం నీళ్లు పట్టవద్దు.

మిరప రైతు సోదరులకూ ఒక మాట. ధర లేని ఏడాది మీరూ అప్పుల్లో పడతారు, మాకు తెలుసు. అయినా గుడారానికి మందు కొట్టే చేనుకు దూరంగా చోటు చూపించండి. తాగునీరు, ఒక లైటు ఇవ్వండి. పిల్లల్ని మీ ఊరి బడికి పంపించండి.

వలస కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు పెట్టే ఏర్పాటు సమగ్ర శిక్షలో ఉంది. తల్లిదండ్రులు వెళ్లిపోయాక తెరిస్తే అవి ఎవరికీ అక్కరకు రావు. సంక్రాంతికి ముందే, ప్రతి వలస మండలంలో, ఆడపిల్లలకు భద్రతతో తెరవాలని డిమాండ్ చేస్తున్నాం. ఏ ఊరి నుంచి ఎంతమంది పిల్లలు వెళ్తున్నారో మన గ్రామ కమిటీలు డిసెంబరులోనే జాబితా రాసి మండల విద్యాశాఖ అధికారికి ఇవ్వాలి.

వెలిగొండ నీళ్లొస్తే వలస ఆగుతుందని 1996లో శంకుస్థాపన జరిగిన నాటి నుంచీ వింటున్నాం. ఆనాటి పిల్లలు ఈనాడు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని కోతలకు పోతున్నారు. నీళ్ల కోసం పోరాటం ఆపేది లేదు. అవి వచ్చేలోగా ఇంకో తరం బడికి దూరం కాకుండా చూసుకోవడం కూడా మన సంఘం పనే.