గాలిపడవ కొనునపుడు బట్ట నడుగవలయును

కృష్ణా తుంగభద్రల యొడ్డున పుట్టి కొనబోవు జాలరి, వెల మాట యెత్తకముందే దానిని బోర్లించి, అడుగును చేతితో తడవి, వెదురుబద్దలపై కప్పినది యేమి, తారు ఎన్ని పూతలు పట్టించిరి, అతుకు ఎచ్చట వేసిరి యని చూచును. పూర్వము తోలు కప్పెడివారు. ఇప్పుడు ప్లాస్టిక్ గోనెలు కప్పి తారు పూయుచున్నారు. కప్పు మారినను కొనువాని చూపు మారలేదు. ఆ చూపు, వరదల కొఱకు లక్షలు వెచ్చించి గాలి నింపెడు పడవలు కొను మన కార్యాలయములకు ఏల అలవడలేదో నాకు బోధపడుట లేదు. నేను చూచిన ఒకటి రెండు కొనుగోలు పత్రములందు మోటారు ఎన్ని గుఱ్ఱముల బలము గలదియో, ఎందఱు కూర్చుండవచ్చునో, రంగు నారింజయో ఎఱుపో విపులముగా వ్రాసి, పడవకు దేహమైన బట్టను గూర్చి మాత్రము 'రబ్బరు పడవ' అను రెండు మాటలతో సరిపుచ్చిరి. వింత యేమనగా, ఆ పేరుతో అమ్ముడుపోవు పడవలలో పెక్కింటియందు రబ్బరు అనునది లేనేలేదు.

2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినపుడును, 2024 సెప్టెంబరు తొలిదినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వీథులు కాలువలైనపుడును, ఇండ్లపైకప్పుల మీద చిక్కుకొన్నవారిని చేర బోయినవాటిలో ఈ గాలిపడవలును గలవు. మడిచి జీపులో వేసికొని పోవచ్చును, మోకాటిలోతు నీటిలో నడచును, ఒక గది చినిగినను తక్కిన గదులు తేల్చును. ఈ సుగుణములు చెక్కపడవకు లేవు. కాని నది వేఱు, వీథి వేఱు. వీథిలో నీటి క్రింద ప్రహరీగోడమీది గాజుపెంకులు, ఇనుపగేటు మొనలు, ముండ్లకంచె, ఊడిపడిన రేకులు, మునిగిన స్కూటరు హ్యాండిలు, ఇవన్నియు కంటికి కనబడక పొంచియుండును. ప్రవాహమును తట్టుకొనుటకు మోటారు చాలును. వీథిని తట్టుకొనుటకు బట్ట కావలయును.

గాలిపడవ యన్నంతనే అది పిల్లల యాటవస్తువని తేలికచేయుట కూడ పాడి కాదు. ఉబ్బించిన తోలుతిత్తుల నానుకొని నది నీదుచున్న మనుష్యులను అస్సీరియావారు సుమారు 2,900 సంవత్సరముల క్రిందటనే రాతిపలకలపై చెక్కియుంచిరి. 1952లో ఆలెన్ బొంబార్ అను ఫ్రెంచి వైద్యుడు పదునైదడుగుల గాలిపడవలో ఒంటరిగా, కెనరీ ద్వీపముల నుండి బార్బడోస్ వఱకు, 65 దినములలో అట్లాంటిక్ మహాసముద్రమును దాటెను. తిత్తి గట్టిదైనచో అది మోయలేని భారము లేదు; గట్టిదగుట యన నేమి యనునదే ప్రశ్న.

ఈ బట్టకు ఎముకయు చర్మమును వేఱువేఱుగా నుండును. నడుమ పాలిస్టరు నూలుతో నేసిన గుడ్డ యుండును. చినుగకుండ లాగుడును ఓర్చుకొనునది అది. దానికి ఇరువైపుల పట్టించిన పూత గాలిని లోన నిలిపి ఎండను వెలుపల నిలుపును. నూలు ముతకదనమును డెనియరు అను కొలతతో చెప్పుదురు: తొమ్మిదివేల మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగునో అన్ని డెనియర్లు. డెసిటెక్సు అను మఱియొక కొలతలో పదివేల మీటర్లు తూచుదురు. కావున 1100 డెసిటెక్సు బట్టయు 1000 డెనియరు బట్టయు దాదాపు ఒక్కటియే; ఈ లెక్క తెలియనివానికి, నూఱు ఎక్కువ కనబడుచున్నది గదా యని మొదటిదానిని హెచ్చువెలకు అంటగట్టుట సులభము. మందము సంగతియు నట్టిదే. 0.9 మిల్లీమీటర్ల బట్ట యని వర్తకుడు గొప్పగా చెప్పును. ఆ మందములో గుడ్డ యెంత, పూత యెంత యని అడిగినచో మాట మార్చును. పలుచని గుడ్డపై దట్టముగా పూసినను మందము వచ్చును, బలము రాదు.

ఇక చర్మమునకు వత్తము. అంగడిలో ముఖ్యముగా రెండు గలవు. మొదటిది పీవీసీ. మన యింటి మురుగునీటి గొట్టము లేవస్తువుతో చేయుదురో అదియే యిదియును. సహజముగా బిరుసైన ఆ పదార్థమునందు మెత్తదనము నిచ్చు నూనెవంటి ద్రవ్యమును కలిపి బట్టపై పట్టింతురు. ఎండయు వేడిమియు ఆ ద్రవ్యమును క్రమముగా వెలికిలాగును. బట్ట మొదట జిగటయెక్కును, పిమ్మట బిరుసెక్కును, తుదకు మడతలవద్ద పగులును. ఇది దాని దోషము. గుణము లేవియన, వెల తక్కువ, బరువు తక్కువ, అన్నిటికంటె ముఖ్యముగా అతుకులను వేడిగాలితో కరగించి యేకము చేయవచ్చును. అట్లు కరగించి కలిపిన అతుకు జిగురుతో పని లేనిది. బట్ట యెంతకాలమో అదియు నంతకాలము. అయితే పీవీసీ లన్నియు ఒక్కటి కావు. మంచి మూలద్రవ్యములు వాడి, సూర్యకిరణముల నోర్చు మందు కలిపినదియు, చవుకగా పోతపోసినదియు కొన్ననాడు కంటికి ఒక్కతీరుగనే మెఱయును. రెండు వేసవులు గడచినగాని వాని కులగోత్రములు బయటపడవు.

రెండవది హైపలాన్. ఇది నిజమైన కృత్రిమరబ్బరు. 1950ల తొలి వత్సరములలో అమెరికాదేశపు డ్యూపాంట్ సంస్థ విపణికి తెచ్చినది. పడవబట్టలో దీనిని వెలుపలిపూతగను, గాలిని బిగియబట్టుటకై నియోప్రీన్ అను వేఱొక రబ్బరును లోపలిపూతగను వాడుదురు. ఎండ, పెట్రోలు, ఉప్పునీరు, వీని నన్నిటిని ఇది పీవీసీకంటె ఎన్నో రెట్లు మిన్నగా సహించును. ఉష్ణదేశములందు ఏండ్లతరబడి బయట పడియుండు పడవలకు దీనినే పెద్దలు మెచ్చుకొందురు. కాని డ్యూపాంట్‌వారు 2010 నాటికి దీని తయారీని మానివేసిరి. ఇప్పుడు వచ్చునది అదే జాతి రబ్బరును ఇతరులు చేయునది. ఆ పాతపేరు మాత్రము వాడుకలో నిలిచిపోయినది. కావున పేరు విని కొనువానికి నేతిబీరకాయ దొరకవచ్చును: వెలుపలి పూత ఆ రబ్బరేనా, ఎంత దట్టముగా నున్నది, చేసినవా రెవరు అని వ్రాతమూలకముగా అడుగవలసినదే. దీని అతుకులు వేడికి కరగి కలియవు. పనివాడు బట్టను గఱుకుకాగితముతో రాచి, రెండు ద్రవ్యములు కలిపిన జిగురును పూతపైపూతగా పూసి, చేతితో అంటించును. కావున హైపలాన్ పడవ ఆయువు ఆ పనివాని ఓపికలోను, ఆనాటి గాలితేమలోను కూడ నున్నది.

పాలీయూరితేన్ అను మూడవది యొకటి కలదు. రాపిడికి దానిని మించినది లేదు. రాళ్లనడుమ దూకు నదులలో ర్యాఫ్టులకు వాడుదురు. వెల హెచ్చు, మరమ్మతు కష్టము. మన ప్రస్తుత ప్రసంగమున కింతకంటె అక్కఱలేదు.

ఇన్ని తెలిసికొన్నవారు సాధారణముగా 'అటులైన హైపలాన్ కొనుడు' అని తీర్పు చెప్పుదురు. నే నట్లు చెప్పజాలను. పాపికొండల విహారమునకో, జలాశయములమీద కాపలాకో, సంవత్సరము పొడవునను ఎండలో కట్టియుంచు పడవకు హైపలానే తగును. అందు సందేహము లేదు. కాని వరదపడవ జీవితము వేఱు. ఏడాదిలో పదిదినములు నీటిమీదను, తక్కిన దినములు గోదాములోను గడుపునది అది. దాని శత్రువు సూర్యుడు కాడు. రేకుల కప్పు క్రింది ఉక్క, గట్టిగా నలిపిన మడత, నేలచెమ్మ, ఎలుక. ఎండను జయించుటకై హెచ్చువెల పెట్టి, ఎండ సోకని చీకటికొట్టులో దాచుట యేమి వివేకము? పైగా ఆ ఉక్కలో ఏండ్లు గడచిన జిగురు అతుకు, బట్ట చెక్కుచెదరకున్నను, విడిపోవచ్చును. ముతకనూలుతో నేసి, వేడిగాలితో అతికిన మేలైన పీవీసీని కొని, మిగిలిన ధనముతో ఏటేట దానిని విప్పి, ఆరబెట్టి, సుద్దపొడి చల్లి, వదులుగా చుట్టి, బల్లమీద నుంచు ఏర్పాటు చేసినచో ప్రజలకు ఎక్కువ మేలని నా తలంపు. ఆ ఏర్పాటు చేయలేనివారు ఏ బట్ట కొన్నను ఒక్కటే.

కొనువేళ చేయదగిన పరీక్షలు బ్రహ్మవిద్యలు కావు. బట్టతునుక నొకదానిని అడిగి తీసికొని, అంచున కత్తిరించి, గుడ్డ యెంత పూత యెంతయో చూడవచ్చును. అతికిన రెండు పట్టీలను పట్టకారుతో లాగినచో, మంచి అతుకైన పూత గుడ్డనుండి ఊడివచ్చునే గాని అతుకు విడదు. పడవను నిండుగా ఉబ్బించి ఒక పగలును ఒక రాత్రియు నీడను ఉంచి, ఏ గది మెత్తబడినదో చూడవలయును. నీడను అనుటకు కారణము కలదు. గొట్టములలో గాలిని సాధారణముగా బయటిగాలికంటె 0.2 బార్ హెచ్చుగా నింపుదురు. 27 డిగ్రీల చల్లనివేళ అట్లు నింపి 42 డిగ్రీల మధ్యాహ్నమువఱకు గట్టున విడిచినచో, గొట్టము సాగదనుకొన్న లెక్కకు, ఆ హెచ్చు 0.26కు చేరును, అనగా నూటికి ముప్పది వంతులు పెరుగును. నల్లని బట్టయైనచో ఇంకను పెరుగును. అతుకులు పెక్కుసారులు చెడునది నీటిలో కాదు, ఇట్లు గట్టునే. ఎండవేళ కొంత గాలి వదలుమని పడవ నడుపువానికి చెప్పినవారు నాకు అరుదుగా కనబడిరి.

కొన్ని యేండ్ల క్రిందట, లంకగ్రామముల కాపుదలకై యుంచిన పడవను, వానకాలమునకు ముందు ఒక కార్యాలయపు వసారాలో విప్పుచుండగా చూచితిని. ఎన్నాళ్లకు విప్పిరో తెలియదు గాని, మడతలు ఒకదాని నొకటి అంటుకొనిపోయి, నలుగురు పట్టి లాగినపుడు పాతబట్ట చింపిన చప్పుడుతో విడినవి. మోటారు మాత్రము నూనెపెట్టి తుడిచి తళతళలాడుచుండెను. మడతవద్ద పగులు కనబడగా, మరమ్మతుపెట్టె తెమ్మనిరి. తెచ్చి తెఱచిరి. జిగురుడబ్బా రాయివలె గడ్డకట్టియుండెను. అతుకుముక్కలు మాత్రము కొత్తవిగా, కాగితము విప్పకయే యున్నవి. పడవ పీవీసీది, ముక్కలు హైపలాన్‌వి.