కబ్జా ఎవరిది?

మొన్న మా ఘనపూర్‌లో, ఉపన్యాసకుల గదిలో కౌలు రైతుల ప్రసక్తి వచ్చింది. "పట్టా ఒకడిదీ, కబ్జా మరొకడిదీనా? ఆస్తిహక్కు పవిత్రమైనది!" అని ఒక మిత్రుడు తీర్పు చెప్పాడు. ఆయన బోధించేది చరిత్ర. అందుకే ఈ నాలుగు మాటలు రాయక తప్పలేదు.

ఆ పవిత్రత ఎక్కడ పుట్టింది? దేశ్‌ముఖులు మొదట భూమికి యజమానులు కారు, శిస్తు వసూలు చేసి ఖజానాకు కట్టే గుత్తదార్లు. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో మొదటి సాలార్‌జంగ్ ఆ గుత్తలు రద్దుచేసి, వారికి రుసుములు ఏర్పరచాడు. ఆ వెనుక సర్వే, సెటిల్‌మెంటు వచ్చాయి. లెక్కలు ఎవరి చేతిలో ఉన్నాయి? వారి చేతిలోనే! రైతులు తరతరాలుగా దున్నుతున్న మంచి భూములు వారి పేర ఎక్కాయి. చదువురాని రైతు తన చెలకలో తానే కౌలుదారయ్యాడు. అయినట్టు చాలాకాలం అతనికి తెలియను కూడా తెలియదు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి సుమారు 40 వేల ఎకరాలు ఏ నాగలి పట్టినందుకు వచ్చాయి?

పక్కనే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు పట్టి పండించిన భూమిని ఆ దొర తనదేనన్నాడు. కోతలకు గూండాలను పంపాడు. సంఘం వలంటీర్లు నిలబడితేనే పంట ఆమె ఇల్లు చేరింది. ఇటువంటి పోరాటాల ఒత్తిడి వల్లనే 1950లో కౌలుదారీ చట్టం వచ్చి, ఆరేళ్ళు ఎడతెగక సాగుచేసినవారిని రక్షిత కౌలుదార్లుగా గుర్తించింది.

నేను తెలుగు చెప్పేవాణ్ణి, మాటల సంగతి కొంత పట్టించుకుంటాను. పహాణీలో పట్టాదారు గడి పక్కన కబ్జాదారు గడి ఉండేది. అనుభవదారు అన్నా అదే. కబ్జా అంటే స్వాధీనం, అందులో నింద లేదు. దున్నేవాడికి ఉన్న సాక్ష్యం ఆ గడే. ఇవాళ పత్రిక తెరిస్తే కబ్జా అంటే ఆక్రమణ, దొంగతనం! 2020లో ధరణి ఆ గడినే కొట్టివేసింది. 2025లో భూభారతి వచ్చేదాకా నాలుగున్నరేళ్ళు దున్నేవాడు లెక్కలో లేడు.

చిన్న పట్టాదారు గతేమిటంటాడు మిత్రుడు. సరైన ప్రశ్నే. రెండెకరాలు కౌలుకిచ్చిన బడిపంతులు దొర కాడు, అతని పట్టా ఎవరూ అడగలేదు. కాని 2018లో రైతుబంధు పంటకు ఎకరానికి 4,000 రూపాయలు ఇచ్చినప్పుడు కౌలుదారుకు దమ్మిడీ రాలేదే! ఇక రాజ్యాంగమా? 1978 నాటి 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల జాబితాలోంచి తీసివేసింది. రాజ్యాంగమే పీఠం దింపిన విగ్రహానికి మా గదిలో హారతి!

మిత్రునికి పాలకుర్తి దారిలో మూడెకరాలున్నాయి. రైతుబంధు ఆయన ఖాతాలోనే పడేది. దున్నేది ఎవరో ఆయన చెప్పలేదు.