చీరె తిరగవేసి చూచు కన్ను

నేత సోదరులకు మనవి.

“సరుకు చూడగానే బాగుండవలెను” అని వ్యాపారులు మనతో చెప్పుచుందురు. నిజమే. కాని చూచువారి కంటికి ఏది బాగుండును? ఈ ప్రశ్నను మనము వ్యాపారులకే వదలివేసితిమి. అందుచేతనే మన మజూరి కూడ వారి చేతిలో చిక్కినది.

కడచిన శీతకాలమున ఒక పట్టణపు ప్రదర్శనలో మేము రెండు చీరెలను ప్రక్కప్రక్కన వ్రేలాడదీసితిమి. ఒకటి ఒడలినిండ బుటాలు గలది. రెండవది సాదా ఒడలు, ఎఱ్ఱని కొంగు గలది. జనులు మొదటిదాని ముందు ఆగిరి, మెచ్చుకొనిరి, వెడలిపోయిరి. ఒక ముసలమ్మ మాత్రము రెండవదానిని చేతబట్టి, తిరగవేసి, కొంగు కలిసినచోట వ్రేలితో తడిమి, “ఈ సెరగు నేసినదెవరు?” అని కన్నడమున అడిగెను. మా హచ్చొళ్ళి ప్రాంతమున సెరగన్నను కొంగన్నను ఒకటే. ఆమె గట్టిగా బేరమాడెను గాని, కొనియే వెళ్ళెను. అయితే ఆమె ప్రశ్నకు మాలో ఒక్కరును జవాబు చెప్పలేకపోయితిమి.

ఆమె చూచినదేమి? మొదటిది పొందిక. గద్వాల చీరెలో నూలు ఒడలు నెమ్మదిగా నుండుటచేతనే పట్టు అంచు కంటికి నిలుచును. రెండవది కూర్పు. ఇళకల్ చీరెలో ఒడలి పడుగును కొంగు పడుగును ఉచ్చులుగా తగిలించి కలుపుదురు. ఆ శ్రమ దూరమునకు కనబడదు, చేతికి తెలియును. మూడవది వెనుకవైపు. ఉప్పాడ జామ్దానీలో పూవు రెండువైపుల ఒకే తీరున నుండును. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుపై 16వ శతాబ్దమున చిత్రించిన స్త్రీల చీరెలను నేటికిని జనులు తలయెత్తి చూచుచున్నారన్న, ఆ చిత్రకారులు నేత నెరిగినవారగుటయే కారణమని మా నమ్మకము.

“చేతిపని గదా” అని లోపములనే అందముగ చెప్పువారు కొందరు కలరు. అది మాకు సమ్మతము గాదు. తెగిన పోగు, దిగు రంగు, పలుచని నేత తప్పులే. చేతి జాడ వేరు, అజాగ్రత్త వేరు.

మరమగ్గముల పోటీనుండి కాపాడుటకు 1985లో చట్టము చేసిరి. అందు మొదట 22 రకములను చేనేతకు ప్రత్యేకించి, తరువాత 11కు తగ్గించిరి. 2006లో చేనేత ముద్ర వచ్చినది. ఇది చేనేత అని ముద్ర చెప్పగలదు. ఇది మంచి నేత అని చెప్పవలసినవారము మనమే.

ఇక మా తప్పు. సరుకు తీసికొనునాడు మేము పొడవు, వెడల్పు, బరువు చూచి మజూరి కట్టుచున్నాము. లోపమునకు కోత వేయుచున్నాము. చక్కని కూర్పునకు, రంగుల పొందికకు ఒక్క రూపాయి అదనముగ ఇచ్చి యెరుగము. మేమే చూడనిదానిని కొనువారు చూడవలెనని కోరుట న్యాయమా?

కావున సంఘములన్నియు మూడు పనులు చేయవలెనని కోరుచున్నాము. సరుకు చూచుటకు ఇద్దరు అనుభవజ్ఞులైన నేతగాండ్రను, చీరె కట్టు స్త్రీ నొకరిని నియమించి, మంచి పనికి అదనపు మజూరి నిర్ణయింపవలెను. ప్రదర్శనలలో చీరె వెనుకవైపు కూడ కనబడునట్లు వ్రేలాడదీయవలెను. నేసినవారి పేరు చీటీపై వ్రాసి చీరెకు కట్టవలెను. మరల ఎవరైన ఆ ముసలమ్మవలె అడిగినయెడల మనము తల వంచుకొని నిలువబడరాదు.

— ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి, హచ్చొళ్ళి